గన్ పడేయమన్న ఆర్డర్

మా కంపెనీకి కుప్పం అడవుల్లో కూంబింగ్ డ్యూటీ పడింది ఒక జూన్ నెల మొదటి వారంలో. సుమారు పదిహేనేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు, హెడ్ కానిస్టేబుల్ హోదా, ఒక సెక్షన్ మీద పెత్తనం. మాది సాయుధ పోలీసు బెటాలియన్. ఒంటిమీద పోలీసు గుడ్డలే అయినా పని మాత్రం పదాతి సైనికుడిది. మేం కేసులు రాయం, స్టేషన్లో కూర్చోం. తుపాకీ భుజాన వేసుకుని నడుస్తాం. నడవడమే మా ఉద్యోగం. రిటైరై మదనపల్లెలో స్థిరపడ్డాక కూడా మా వీధివాళ్లు "మీరు ఏ స్టేషన్లో చేసినారు సార్?" అని అడుగుతూనే ఉంటారు. ఏ స్టేషన్లోనూ చెయ్యలేదంటే నమ్మరు. ఏదో తప్పు చేసి దాస్తున్నానని అనుకుంటారు. ఒక తప్పు చేసిన మాట నిజమే. అది స్టేషన్లో చేసింది కాదు.

కుప్పం అవతల మూడు రాష్ట్రాల అడవులు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఎక్కడ మన హద్దు ముగిసి తమిళనాడు మొదలవుతుందో, ఎక్కడ కర్ణాటక తగులుతుందో అక్కడి మేకలకూ తెలియదు, మాకూ తెలియదు. తుపాకులతో కొత్త మనుషులు తిరుగుతున్నారని సమాచారం వచ్చింది. వాళ్లెవరో తేల్చుకు రమ్మని మమ్మల్ని పంపారు. ఊరి బయట ఒక పాత గోడౌనులో క్యాంపు. తెల్లవారుజామున వరసలో నిలబడే ఫాలిన్, ఆయుధాల తనిఖీ, నేలమీద మట్టితో గుట్టలూ వంకలూ చేసి చూపిస్తూ బ్రీఫింగ్, ఆ తర్వాత అడవి.

సెక్షన్ అంటే పదిమంది. ముందు ఇద్దరు స్కౌట్లు. వాళ్లు మిగతావాళ్లకు కళ్లు, ముక్కు, చెవులు. వాళ్ల వెనక సెక్షన్ కమాండరుగా నేను, నా వెనక వైర్‌లెస్ సెట్టు మోసేవాడు. ఆ తర్వాత ఎల్.ఎం.జి. జంట, అంటే లైట్ మెషిన్ గన్ మోసే నెంబర్ వన్, అతనికి సాయంగా నెంబర్ టూ. వాళ్ల వెనక ముగ్గురు రైఫిల్‌మెన్లు. చిట్టచివర నా తర్వాతి హోదా వాడు. ఎవరూ వెనకబడకుండా, వెనక నుంచి ఎవరూ రాకుండా చూసుకోవడం అతని పని. మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ చోట పది అడుగులు, పొదల్లో అయిదు. మాటలుండవు, చేతి సైగలే. పిడికిలి ఎత్తితే ఆగాలి. అరచెయ్యి కిందికి నొక్కితే నేలమీద పండుకోవాలి, ఒకడు కుడికి ముఖం పెట్టి, తర్వాతివాడు ఎడమకు. అదే క్షణంలో ఎల్.ఎం.జి. జంట ముందుకొచ్చి కాస్త ఎత్తున్న చోట గన్ను దించి, శత్రువున్న వైపు గొట్టం తిప్పాలి. ఇదంతా ఆలోచించి చేసేది కాదు. కాలిలో ముల్లు గుచ్చుకుంటే కాలు వెనక్కి తీసుకున్నంత సహజంగా జరిగిపోయేదాకా తోముతాం.

పేరులో లైట్ అని ఉంది గానీ ఎల్.ఎం.జి. మోసినవాడెవడూ దాన్ని తేలిక అనడు. మ్యాగజైనుతో కలిపి పది కిలోల పైమాటే. దానికి తోడు పౌచుల్లో మ్యాగజైన్లు, నీళ్లు, రెండు పూటల తిండి, దుప్పటి. బరువుకన్నా దాని ఆకారం ఎక్కువ బాధ పెడుతుంది. ఎటు పట్టుకున్నా ఏదో ఒకటి పొడుస్తుంది. పట్టీ మెడమీదుగా వేసుకుంటే మెడ కోసుకుపోతుంది, భుజాన వేసుకుంటే జారి ముందుకొస్తుంది. మా నెంబర్ వన్ రెడ్డెప్పకు కుడి భుజం ఎముక మీద చర్మం కాయకాచి నల్లబడి ఉండేది. పుంగనూరు దగ్గర పల్లెవాడు, టమాటా బుట్టలు మోసిన ఒళ్లు. మాట తక్కువ. నెంబర్ టూ మస్తాన్‌ది మా మదనపల్లే. నెంబర్ టూ అంటే నెంబర్ వన్‌కు రెండో జత చేతులు. తన రైఫిల్ తను మోస్తూ, గన్నుకు కావలసిన అదనపు మ్యాగజైన్లూ మోస్తాడు. కాల్పులప్పుడు నెంబర్ వన్‌కు ఎడమ పక్కన పండుకుని, ఖాళీ అయిన మ్యాగజైను తీసి నిండింది పెడతాడు. గన్ను ఎక్కడుంటే అక్కడే ఉండాలి. భోజనంలో కూడా వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు.

నాలుగో రోజు మాకు దారి చూపడానికి మునెప్ప అనే ఫారెస్ట్ వాచర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో ఒక కొడవలి. బయలుదేరే ముందు నాతో అన్నాడు: "సామీ, ఈ పొద్దు వంకలో ఏనుగులుండాయి. నిన్న సాయంత్రం పిల్లతో సూసినా. నన్ను ముందర నడవనీండి."

బయటి మనిషిని సెక్షన్ ముందు నడిపించకూడదని మాకు నియమం. కాల్పులు జరిగితే మొదట పోయేది అతనే, జవాబు చెప్పుకోవలసింది నేనే. అందుకే అతన్ని చివర, నా తర్వాతి హోదా వాడితో నడవమన్నాను. మునెప్ప నా వైపు ఒకసారి చూసి వెనక్కి వెళ్లాడు. ఆ నియమం మనుషులతో జరిగే కాల్పుల కోసం రాసిందని, ఏనుగుల కోసం కాదని నాకు అప్పుడు తట్టలేదు.

పొద్దున పది గంటలప్పుడు నీళ్లు పారే వంకలోకి దిగుతున్నాం. ఎడమ వైపు దట్టమైన వెదురు, కుడి వైపు నిట్టనిలువు బండలు. గాలి మా వీపుల మీద చల్లగా తగులుతోంది. హాయిగా ఉందనుకున్నానే గాని, మా వాసన మాకన్నా ముందు పోతోందని అనుకోలేదు. వెదురులో ఏదో ఫెళ్లుమని విరిగింది. ముందున్న స్కౌట్ పిడికిలి ఎత్తాడు. మరుక్షణం అరచెయ్యి కిందికి నొక్కాడు.

పదిమందిమీ పండుకున్నాం. నాకు గర్వంగా అనిపించిందని దాచకుండా చెబుతాను. ఒక్క చప్పుడు లేదు, ఒక్క రాయి దొర్లలేదు. రెడ్డెప్ప, మస్తాన్ నా పక్కనుంచి పాకుకుంటూ వెళ్లి, వంక గట్టు మీద గన్ను దించి, గొట్టం వెదురు వైపు తిప్పారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. ఎవరో నలుగురైదుగురు మనుషులు వెదురు తోసుకుంటూ వస్తున్నారనుకున్నాను. అప్పుడు పశువుల కొట్టంలాంటి వాసన గుప్పున తగిలింది. దాని వెంటే నేల లోపలి నుంచి వస్తున్నట్టు ఒక గుర్రు. ఆ శబ్దం చెవికన్నా ముందు నా పొట్టకు తెలిసింది, ఎందుకంటే నేను పొట్టమీద పండుకుని ఉన్నాను.

వెనకనుంచి మునెప్ప వంగి పరుగెత్తుకొచ్చాడు. "లెయ్యమను సామీ, లెయ్యమను! పండుకుంటే తొక్కేస్తాది. బండల మీదికి ఉరకండి!"

కాల్చొచ్చు కదా అని మీరు అడుగుతారు. పిల్ల ఉన్న ఏనుగును కాలిస్తే అది అక్కడికక్కడే పడిపోదు. పడేలోపు చెయ్యాల్సింది చేస్తుంది. పైగా ఆ వెదురు వెనక ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు. కాల్చొద్దని అరిచాను. బండల మీదికి పొమ్మని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సైగలతో నడిచే మనిషిని, అడవిలో అరవడం అదే మొదలు.

అందరం లేచాం. ఏనుగు వెదురు చీల్చుకుని బయటికొచ్చింది. చెవులు విప్పి ఉన్నాయి, తొండం లోపలికి మడిచి ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో నా మీద కాల్పులు జరిగాయి, పక్కన మందుపాతర పేలింది. అప్పుడు పడ్డ భయంలో ఏదో ఒకటి చెయ్యాలన్న తొందర ఉండేది. ఈ భయంలో అది లేదు. కాళ్లు చల్లబడిపోయాయి. పైకి ఎలా ఎక్కానో తెలియదు. ఎక్కాక చూసుకుంటే రెండు మోచేతులూ దోక్కుపోయి ఉన్నాయి, ప్యాంటు తడిసి ఉంది.

పైనుంచి చూస్తే రెడ్డెప్ప ఇంకా కిందే ఉన్నాడు.

గట్టు మీదనుంచి గన్ను ఎత్తుకుని లేచేసరికే అతను అందరికన్నా వెనకబడ్డాడు. బండ మొదలుకు వచ్చాడు గాని ఎక్కలేకపోతున్నాడు. ఆ బండ ఎక్కడానికి రెండు చేతులు కావాలి. అతని రెండు చేతులూ గన్ను మీద ఉన్నాయి, దాని పట్టీ మెడలో ఉంది. ఏనుగుకూ అతనికీ మధ్య ముప్పై అడుగులు ఉంటాయేమో.

"గన్ పడేయ్!" అని అరిచాను.

రెడ్డెప్ప తలెత్తి నా ముఖంలోకి చూశాడు. వదల్లేదు.

"గన్ పడేయ్‌రా! ఆర్డర్!"

మళ్లీ చూశాడు. ఈసారి గన్నును గుండెకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఏనుగు వైపు కాదు, నా వైపే చూస్తున్నాడు. అతను చచ్చిపోతాడని నాకు తెలిసిపోయింది. మూడోసారి అరవలేకపోయాను.

నా పక్కనున్న మస్తాన్ తన రైఫిల్‌ను సెట్టు మోసేవాడి చేతిలో పెట్టి, బండమీద కూర్చున్నట్టే జారి కిందికి దూకాడు. ఒక చేత్తో రెడ్డెప్ప తలను వంచి, మరో చేత్తో పట్టీ మెడలోంచి లాగేశాడు. గన్ను లాక్కుని పక్కకు విసిరాడు. అతని బెల్టు పట్టుకుని పైకి తోశాడు. పైనుంచి ఇద్దరు చేతులందించారు. మస్తాన్ ఆఖరి కాలు పైకి లాక్కునే సమయానికి ఏనుగు బండ మొదలుకు వచ్చేసింది. దాని నుదుటి మీద వెంట్రుకలు కనిపించాయి. గన్ను దగ్గర ఆగింది. తొండంతో తడిమింది, కాలితో నొక్కింది, ఎత్తి వెదురులోకి విసిరేసింది. ఇనుము విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

బండమీద అందరినీ లెక్కపెట్టాను. పదిమంది, మునెప్పతో కలిపి పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. మూడోసారి లెక్కపెడుతుంటే మస్తాన్ నా చెయ్యి పట్టుకుని, "అందరం ఉండాము సార్" అన్నాడు.

ఆ ఏనుగు వెళ్లలేదు. దాని వెనక పిల్ల, ఇంకో మూడు పెద్దవి వచ్చాయి. వంకలో నీళ్లు తాగుతూ, వెదురు విరుచుకుంటూ అక్కడే ఉండిపోయాయి. మధ్యాహ్నమంతా మేం ఆ బండమీద ఎండలో కదలకుండా కూర్చున్నాం. సెట్టు మీద మాట్లాడితే చప్పుడవుతుందని మునెప్ప వద్దన్నాడు. ఎవరికీ దగ్గు రాకూడదని ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. దూరంగా కొమ్మ విరిగినప్పుడల్లా పదకొండుమంది ఒళ్లూ ఒకేసారి ఉలిక్కిపడేది.

ఆ బండమీదే రెడ్డెప్ప నా దగ్గరికి జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు: "సార్, మీరు పడెయ్యమన్నిది మొదుట్లోనే ఇన్నా. నిజింగా చెప్తాండారో, పరీచ్చ పెడతాండారో తెలీలేదు సార్."

ఇక్కడ నేను ఇంతవరకు చెప్పకుండా వచ్చిన సంగతి ఒకటి చెప్పాలి.

ఆయుధం వదలకపోవడం మా వృత్తిలో మొదటి పాఠం. మనిషి పోతే సంతాపం, ఆయుధం పోతే ఎంక్వయిరీ అని మేం వేళాకోళంగా అనుకునేవాళ్లం. ఆ పాఠం నేర్పడానికి నాకొక సొంత పద్ధతి ఉండేది. ఏ మాన్యువల్‌లోనూ లేనిది. దూరం నడిపించి, మనిషికి కళ్లు తిరుగుతున్న సమయంలో పక్కకు చేరి, "గన్ను పడేసి కూర్చో, ఇది ఆర్డర్" అనేవాణ్ణి. పాపం, నమ్మి పడేసేవాడు. వెంటనే ఆ గన్నే తలమీదికి ఎత్తించి గ్రౌండు చుట్టూ పరుగెత్తించేవాణ్ణి. ఏ గొంతుతో చెప్పినా, ఎన్నిసార్లు చెప్పినా పడెయ్యకూడదని అర్థమయ్యేదాకా. మిగతావాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

అంతకుముందు ఏడాది పుంగనూరులో మా కంపెనీ బందోబస్తు క్యాంపు వేసినప్పుడు రెడ్డెప్పకు ఈ పరీక్ష పెట్టాను. సొంత ఊరి పక్కనే, తెలిసినవాళ్లు గ్రౌండు గోడమీద నిలబడి చూస్తుండగా. మొదటిసారి పడేశాడు. వాంతి చేసుకునేదాకా పరుగెత్తించాను. ఆ తర్వాత మూడుసార్లు అరిచాను, బెదిరించాను, బతిమాలాను. పడెయ్యలేదు. నా ముఖంలోకి చూస్తూ గన్ను గుండెకు అదుముకునేవాడు. అది చూసే అతన్ని నెంబర్ వన్ చేశాను. అందరి ముందూ భుజం తట్టాను.

బండ కింద నిలబడి అతను నన్ను ఎందుకు అలా చూశాడో అప్పుడు అర్థమైంది. ఏనుగు మీదికి వస్తుంటే, ఆ మనిషి నా ముఖంలో నిజం వెతుక్కుంటున్నాడు.

ఎండ వాలాక ఏనుగులు వంక దిగువకు వెళ్లిపోయాయి. ఇంకో గంట ఆగమన్నాడు మునెప్ప, ఆగాం. ఈసారి అతను ముందు నడిచాడు, నేను వెనక. వెదురులో వరసగా నిలబడి అడుగు అడుగు వెతికాం. గన్ను దొరికింది. గొట్టాన్ని నిలిపే ముందరి కాళ్లు వంగిపోయి, భుజానికి ఆనించే మడమ కట్టె విరిగి ఉంది. మ్యాగజైను ఊడి ఎక్కడో పడింది. అది కూడా దొరికితేగాని వెనక్కి పోలేం. ఏ క్షణాన ఏ పక్కనుంచి వస్తాయోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వెతికాం. ఏనుగు అడుగు పడ్డ బురదలో కూరుకుపోయి కనిపించింది. రెడ్డెప్పే చూశాడు, అతనే చేత్తో తవ్వి తీశాడు.

నెల తర్వాత హెడ్‌క్వార్టర్‌లో ఎంక్వయిరీ జరిగింది. గన్ పడెయ్యమన్న ఆర్డర్ నాదేనని రాసిచ్చాను. ప్రాణాపాయం కాబట్టి ఆ ఆర్డర్ సరైనదేనన్నారు. ఆ తర్వాత అధికారి రెడ్డెప్పను అడిగారు: రెండుసార్లు ఆర్డర్ ఇచ్చినా ఎందుకు వదల్లేదు? రెడ్డెప్ప ఒక్కసారి నా వైపు చూశాడు. చూపు తిప్పుకుని, "భయంతో సేతులు బిగుసుకుపొయ్యినాయి సార్" అన్నాడు. అధికారి నన్ను అడిగారు, ఇంకేమైనా చెప్పేది ఉందా అని. నా పరీక్ష సంగతి బయటపడితే నా హోదా పోతుంది. ఆ గదిలో ఫ్యాను కింద కూర్చుని నాకు మళ్లీ కాళ్లు చల్లబడ్డాయి. "లేదు సార్" అన్నాను.

సెక్షన్ మొత్తాన్నీ, ఆయుధాన్నీ వెనక్కి తెచ్చినందుకు నాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. మస్తాన్‌కూ వచ్చింది, అతనికి రావలసిందే. రెడ్డెప్ప సర్వీసు పుస్తకంలో మాత్రం, ఆపద సమయంలో భయంతో స్తంభించిపోయాడని, ఆయుధ దళంలో ఉంచదగినవాడు కాదని రాశారు. గన్ను అతని దగ్గరనుంచి తీసేశారు. స్టోరు గదిలో, గేటు దగ్గర డ్యూటీలు వేశారు. అతనితో చేరినవాళ్లు హెడ్ కానిస్టేబుళ్లయ్యాక కూడా అతను కానిస్టేబులుగానే ఉన్నాడు. ఎప్పుడు ఎదురుపడ్డా నాకు సెల్యూట్ చేసేవాడు. అది నాకు ఎంత బరువుగా ఉండేదో చెప్పలేను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య నా దగ్గర పనిచేసిన ఒకతను మదనపల్లె బస్టాండులో కనిపించాడు. ఇప్పుడు అతను కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే చోట ఉన్నాడు. "మీ పరీక్ష ఇప్పటికీ పెడతాండాము సార్. మీ పేరు చెప్పే పెడతాము" అన్నాడు సంతోషంగా. అతన్ని అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టాను. జరిగిందంతా అతనికి చెప్పాను. మానేస్తానన్నాడు. అతను మానేసినా, అతని దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎందరు, ఎక్కడెక్కడ ఉన్నారో అతనికీ తెలియదు.

రాసే ముందు పుంగనూరు వెళ్లి రెడ్డెప్పను కలిశాను. స్వచ్ఛందంగా రిటైరై సేద్యం చేసుకుంటున్నాడు. రాస్తానని చెప్పాను. "రాయండి సార్. మా ఇంట్లోవాళ్లు సదువుకుంటారు" అన్నాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఆర్డర్‌ను అబద్ధానికి వాడినవాడికి, నిజంగా అవసరమైన రోజున ఇవ్వడానికి ఆర్డర్ మిగలదు. ఇక సర్వీసు పుస్తకం సంగతి. అడవిలో ఆ రోజు పదకొండుమందిమీ భయపడ్డాం, అందులో ఎవరి తప్పూ లేదు. ఎంక్వయిరీ గదిలో భయపడింది నేను ఒక్కణ్ణే. రెడ్డెప్ప పుస్తకంలో రాసి ఉన్న భయం నాది.